తల్లినీటికి వలముద్ర

తెల్లవారేసరికి వెండికయ్య సరస్సు మీద కప్పిన మంచుతెర మెల్లగా తొలగింది. తూర్పున కయ్య సముద్రంలో కలిసే మొగ మొదలుకొని పడమట మడచెట్ల వరుస దాకా ఉప్పునీరంతా కరిగించి పోసిన వెండిలా నిగనిగలాడింది. ఎర్రకాళ్ల కొంగలు రాజద్వారం దగ్గరి భటుల్లా ఒంటికాలి మీద బారులు తీరాయి. గట్టున మొగలిపూలు విచ్చుకుని, ఆ వాసన ఉప్పుగాలితో కలిసి పడవల మీదుగా సాగింది.

ఆ అందం చూసి పరవశించే తీరిక పైడమ్మకు లేదు. ఎండుచేపల వర్తకం చేసే మనిషికి సూర్యోదయమంటే సరుకు ఆరే ఎండ మొదలయిందని అర్థం. కాని ఆనాటి పగలు ఆమెకు సరుకు కోసం కాదు, మొగుడి కోసం కావాలి. సాయంత్రం పున్నమి చంద్రుడు లేచేదాకా కయ్యలో తల్లినీరు అనే చోట మరొకరి వల పడకుండా ఆపగలిగితే దానయ్య మనిషవుతాడు. ఆపలేకపోతే చేపగానే చస్తాడు. లెక్క అంతే. అందులో బేరమాడడానికి ఏమీ లేదు.

మకరకూట రాజ్యాన్ని స్థాపించిన రాజు ఆనాడే గంగమ్మతల్లికి మాట ఇచ్చి వెండికయ్యను వాటాలుగా విడగొట్టాడు. కొంగలనీరు, గవ్వలనీరు, ఏనుగులోతు అని ఒక్కొక్క వాటాకు ఒక పేరు, ఒక హద్దుకొయ్య, అక్కడ వేసే వలకు కన్ను ఇంత వెడల్పుండాలని ఒక కొలత. ఏటేటా వైశాఖ పున్నమి ఉదయం ముద్రమండపంలో రాగిబిళ్ల పుచ్చుకుని వల బెండుకు కట్టుకున్నవాళ్లే ఆ వాటాలో వేటాడాలి. ఆ బిళ్లనే వలముద్ర అంటారు. ఒక నీటికి ఒకే ముద్ర, ఒకే వల. ముద్ర ఉన్న వల తడిసి ఉండగా అదే నీటిలో రెండో వల ముంచితే, ఆ రెండోది పోగు పోగుగా కుళ్లి నీళ్లలో కలిసిపోతుంది. ముంచినవాడు మాంత్రికుడైనా అంతే. గంగమ్మకిచ్చిన మాట ముందు ఏ మంత్రమూ చెల్లదు.

తల్లినీరు మొగకు ఆనుకున్న చిన్న వాటా. సముద్రపు చేప గుడ్లు పెట్టడానికి వచ్చేది అక్కడికే, పిల్లచేప మొదటిసారి ఈదేది అక్కడే. అందుకని దాని కొలత కుండమూతి కన్ను. కుండమూతంత కన్నున్న వలలో ఏ చేప నిలుస్తుంది? తరతరాలుగా ఆ నీటికి ముద్ర అడిగినవాళ్లు లేరు.

దానయ్య ఆ కయ్యకు నీటితలారి. వలల కన్నులు కొలిచి, హద్దులు కాయడం అతని కొలువు. జలమంత్రిగా రాజుగారి దగ్గర చేరిన మాంత్రికుడు కాలజంఘుడు కన్నులే లేని వల ఒకటి నేయించాడు. పట్టుబట్టలా ఒత్తుగా నేసిన ఆ వలలోంచి నీరు తప్ప మరేదీ జారదు. దానితో తల్లినీటిలోని పిల్లచేపలన్నిటినీ ఊడ్చి, వాటి ప్రాణకళ పిండుకుని, చావు లేకుండా బతకాలని అతని ఎత్తు. దానయ్య ఆ వలను చూసి, ఇది వల కాదు గోనెసంచి, దీన్ని నేను కొలవను అన్నాడు. మాంత్రికుడు కమండలంలోని నీళ్లు అతని ముఖాన చల్లాడు. అందరూ చూస్తుండగా దానయ్య పండుగప్ప చేపగా మారి, రేవుమెట్ల మీదినుంచి కయ్యలోకి జారిపోయాడు.

పైడమ్మ మడ అడవిలోని యోగినిని వెతికి పట్టుకుని విరుగుడు తెలుసుకుంది. వైశాఖ పున్నమి సాయంత్రం, చంద్రుడు లేచి తల్లినీటిలో పోటు తిరిగే వేళ, వలా గాలమూ లేకుండా ఆ చేప తనంతట తానే ఆమె ఒడిలోకి రావాలి. ఆ వేళ దాటితే మళ్లీ వైశాఖ పున్నమి దాకా చేపే.

ఆ అడవిలోనే ఆమెకు పడవవాడు దొరికాడు. పేరు గంగులని చెప్పుకున్నాడు. అరచేతులు వెన్నముద్దల్లా ఉన్నాయి, తెడ్డును కత్తి పట్టినట్టు పట్టుకుంటున్నాడు. మారువేషంలో తిరుగుతున్న చిన్నరాకుమారుడు జయకేతుడే అతనని పైడమ్మ మొదటి పూటే పసిగట్టింది. తండ్రిని ఆ మాంత్రికుడు ఎలా వశపరచుకున్నాడో తెలుసుకోవాలని కాబోలు తిరుగుతున్నాడు. ఆమె బయటపెట్టి అడగలేదు. అడిగితే మర్యాదలు చెయ్యాలి. అడగకపోతే తెడ్డు వేయించుకోవచ్చు.

ముద్రమండపంలో శంఖం ఊదగానే అందరికంటే ముందు గడప తొక్కింది పైడమ్మ. మొదట గడప తొక్కినవాళ్లదే మొదట అడిగే హక్కు. ఆమె ఏనుగులోతు అడుగుతుందని అందరూ అనుకున్నారు. తల్లినీరు అడిగేసరికి మండపమంతా నవ్వులు పుట్టాయి.

"వదినా, ఆ వల కన్నులోంచి నేనే దూరిపోతాను గదా. సేపలేటి ఆగతాయి?" అన్నాడు వెనకనుంచి ఒక వలకాడు.

"నువ్వు దూరితే దూరు. నిన్ను ఎండబెట్టినా కొనేవోలు లేరు" అంది పైడమ్మ వెనక్కి తిరగకుండానే.

నవ్వనివాడు ఒక్కడే. మండపం చివర పులితోలు మీద కాలజంఘుడు కూర్చుని ఉన్నాడు. తాటిబోదెల్లాంటి కాళ్లు, పాముకుబుసాలు అల్లిన తలపాగా, నీటికాకి కళ్లలాంటి పచ్చటి కళ్లు. మండపం మూసేలోగా ఎవరూ అడగని నీరు జలమంత్రికి చెందుతుందన్నది పాత కట్టుబాటు. ఎవరూ అడగరన్న ధీమాతోనే అతను ఓడ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. ఏమీ రాలని నీరు ఎందుకమ్మా నీకు అని అతను తియ్యగా అడిగాడు.

"సరుకు లేని సోటే పోటీ ఉండదు పెబువా" అంది పైడమ్మ.

ఆ పక్కనున్న పడవవాడు ఎవరని మాంత్రికుడు కనుబొమ్మ ఎగరేశాడు. జయకేతుడు గొంతు సవరించుకుని, తన నామధేయము గంగులనియు, మత్స్యవేట తన కులవృత్తియనియు మనవి చేశాడు. మండపంలో తలలన్నీ అతని వైపు తిరిగాయి. పైడమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచి, చిన్నప్పుడు పురాణం చెప్పే పంతులుగారి గొడ్లు కాశాడని, ఆ భాష తామర పట్టినట్టు పట్టుకుందని, ఎన్ని మందులు రాసినా వదలడం లేదని చెప్పింది. మళ్లీ నవ్వులు లేచాయి. పచ్చటి కళ్లు మాత్రం రాకుమారుణ్ని వదలలేదు.

ముద్రాధికారి వామనయ్య కుండమూతంత కొలతకొయ్య తెచ్చి పైడమ్మ వల కన్నుల్లో దూర్చి చూశాడు. అది రేవు అంగట్లో ఆమె ఏరి కొన్న జనపనార వల. కొత్తది, తెల్లటిది, ఎక్కడా చిరుగు లేదు. కొయ్య ప్రతి కన్నులోనూ సులువుగా దూరింది. వామనయ్య పిరికివాడే గాని, పండగపూటల్లో దానయ్య ఇంట్లో భోజనం చేసినవాడు. తల ఎత్తకుండానే రాగిబిళ్లను పైడమ్మ చేతిలో పెట్టి, ఏటేటా చెప్పే మూడు ముక్కలూ చెప్పాడు. పొద్దు నడినెత్తికి రాకముందే వల తడవాలి. ముద్ర తీసుకున్న చెయ్యి తప్ప మరో చెయ్యి ఆ వలను నీళ్లలోంచి తియ్యలేదు. వల పోగు ఒక్కటి తెగినా ఆ క్షణమే ముద్ర చెల్లదు. 

"జాగర్త తల్లీ" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేటట్టు.

పైడమ్మ ఆ ముక్కల్ని దారిలో మరోసారి బేరీజు వేసుకుంది. వల ఎప్పుడు ముంచాలో చెప్పారుగాని ఎప్పుడు తియ్యాలో రాజులెవరూ చెప్పలేదు. సాయంత్రం దాకా తియ్యకుండా ఉంటే సరి. తల్లినీరు ఆమెది, లోపల తిరిగే చేపలు గంగమ్మవి.

వాళ్ల పడవ గవ్వలనీరు దాటి తల్లినీటి హద్దుకొయ్య వైపు తిరిగిందో లేదో, అద్దంలా ఉన్న నీరు ఉన్నట్టుండి సుడి తిరిగింది. అడుగునుంచి నాచు తీగలు వెయ్యి పాముల్లా పైకి లేచాయి. ఒకటి తెడ్డును చుట్టుకుంది, ఒకటి పడవ ముక్కును పట్టి కిందికి లాగింది, మరొకటి పైడమ్మ జడను అందుకుంది. ఆమె రాగిబిళ్లను పళ్లతో కరిచిపట్టి, వల కుప్ప మీద బోర్లా పడి, రెండు చేతులా దాన్ని వాటేసుకుంది. పొద్దు నడినెత్తికి చేరబోతోంది. పడవ గిర్రున తిరిగింది. జయకేతుడు చుట్టూ చూసి ఇక దాచి లాభం లేదనుకుని తెడ్డు పిడిని మెలితిప్పాడు. అందులోంచి మెరుపుతీగలాంటి కత్తి బయటికి వచ్చింది. అతను పడవ చుట్టూ కత్తిని ఆడించాడు. తెగిన ప్రతి తీగా కీచుమని అరిచి నల్లటి నీరై కారిపోయింది. సుడి బలం తగ్గేసరికి పడవ హద్దుకొయ్యకు కొట్టుకుని, ఎగిరి తల్లినీటిలో పడింది.

పైడమ్మ బిళ్లను బెండుకు బిగించి, వలను ఒక అంచునుంచి వదలసాగింది. వల అడుగున కట్టిన ఆఖరి గుండు మునగడం, మండపం మీద నడిపొద్దు శంఖం మోగడం ఒక్కసారే జరిగాయి. బెండు మీది రాగిబిళ్ల బంగారంలా ఒక్కసారి మెరిసింది. తల్లినీరు ఆమెదయింది.

ఊపిరి అందాక ఆమె రాకుమారుడి చేతిలోని కత్తి వైపు చూసింది.

"తెడ్డు మంచిదే రాకుమారా. ఏయడం మాత్రం నేర్సుకోవాల" అంది.

జయకేతుడు తెల్లబోయి, ఎప్పటినుంచి తెలుసని అడిగాడు. ఆమె అతని అరచేతుల వైపు వేలు చూపింది. అతను సిగ్గుపడి నవ్వి, కత్తిని మళ్లీ తెడ్డులో పెట్టేశాడు. ఆనాటినుంచి ఆమెను అక్కగా అప్పా అని పిలవడానికి అనుమతి అడిగాడు. అడిగి పిలిచే పిలుపు కాదు బాబూ అది అని పైడమ్మ అతనికి ఒక అరటిపండు ఇచ్చింది.

తల్లినీరు అప్పుడు చూడాలి. మడచెట్ల నీడలు పచ్చటి తివాచీల్లా పరుచుకున్నాయి. అడుగున ఇసుక మీద ఎండ వలలల్లుతోంది. నీళ్లలో ధూళి రేగినట్టు కనబడేది ధూళి కాదు, చూపుకు ఆననంత చిన్న పిల్లచేపలు. అవి ఒక్కటై తిరిగితే వెండి చీర జాడించినట్టుంది. వాటి మధ్యలోంచి నెమ్మదిగా, పనికి వచ్చిన మనిషిలా, ఒక పండుగప్ప పడవ దగ్గరికి వచ్చింది. వెండి పొలుసులు, వెడల్పాటి వీపు, బంగారు కళ్లు.

పైడమ్మ చెయ్యి నీళ్లలో పెట్టింది. చేప వచ్చి వీపును ఆ అరచేతి కింద ఆనించి, కదలకుండా నిలబడింది.

ఆమె తువ్వాలు మూట విప్పి ఇంత అన్నం నీళ్లలో జల్లి, తానూ తింటూ ఇంటి సంగతులు చెప్పింది. మేక ఈనింది, రెండూ పెంటిపిల్లలే. పడమటి గోడ వానకు కూలితే మళ్లీ పెట్టించింది, మేస్త్రీ పని ఏమంత బాగాలేదు గాని మాట మంచిది. పెరట్లో గోంగూర మోకాలెత్తు పెరిగింది, తినేవాడు లేక ముదిరిపోతోంది.  నీటితలారి కొలతకొయ్య చేతపట్టిన రోజున, కాచే నీటి చేపను నోట పెట్టనని ఒట్టు వేస్తాడు. దానయ్య ఆ ఒట్టును అన్ని నీళ్లకూ వర్తింపజేసుకున్నాడు. దేశమంతటికీ ఎండుచేపలమ్మే పైడమ్మ తన ఇంట్లో మాత్రం ఆకుకూరలే వండింది. ఊరంతా కొనుగోలుదార్లే, కట్టుకున్నవాడి దగ్గర మాత్రం గిరాకీ లేదు అని పెళ్లయిన కొత్తలో నవ్వుకునేది.

చేప అన్నం మెతుకులు తిని, ఆమె వేళ్లను ఒకసారి ముట్టి, వల వైపు తిరిగింది. ఒక చివర మొదలుపెట్టి ఒక్కొక్క కన్నులోంచి దూరి అవతలికి వెళ్లి, పక్క కన్నులోంచి ఇవతలికి రాసాగింది. ఏం చేస్తోంది అని జయకేతుడు వింతపడ్డాడు. పైడమ్మకు వెంటనే అర్థమైంది. చేతిలో కొయ్య లేదు గనక ఒంటితోనే వలను కొలుస్తున్నాడు. చేపైనా కొలువు మానలేదు. ఆమె పమిట అంచుతో కళ్లు ఒత్తుకుని, నా వలని కూడా నమ్మవా అని గొణుక్కుంది.

చేప వల అవతలి చివరకు వెళ్లిపోయిన సమయంలో మడచెట్ల సందునుంచి నీళ్లు చప్పుడయ్యాయి. నడుముల్లోతు నీటిలో దానయ్య నడిచి వస్తున్నాడు. మనిషి దానయ్య. తడిసిన జుట్టు, చెంప మీద పాత గాటు, కాస్త ఒక పక్కకు వాలే నడక, అంతా అతనే. యోగిని చెప్పిన వేళకంటే ముందే శాపం విడిపోయిందని, గంగమ్మ కరుణించిందని, ఇక వల తీసి ఇంటికి పోదామని అతను చెప్పాడు. జయకేతుడు సంతోషంతో చెయ్యి అందించబోయాడు.

 పైడమ్మ కాళ్లు వాటంతటవే ఒక అడుగు వేశాయి. కాని సరుకు తడిమి చూడకుండా సంచి మూతి కట్టే అలవాటు ఆమెకు లేదు. మూటలో మిగిలిన అన్నమూ వేయించిన ఎండు నెత్తళ్ల చేపలూ తీసి పడవ అంచు మీద పెట్టింది.

"ఎన్నాళ్లయిందో మాయ్యా నువ్వు నా సేతి కూడు తిని. ముందు తిను. వలకేటి, తరవాత తీసుకుందుము" అంది.

అతను ఆబగా అందుకున్నాడు. నెత్తళ్లను పిడికెడు నోట్లో వేసుకుని కరకరలాడించాడు. ఆమె అతని దవడల వంకే చూసింది.

"నెత్తళ్లు బాగున్నాయేటి బాబూ? నా మొగుడెన్నడూ రుసి సూళ్లేదు. నువ్వైనా సెప్పు."

దవడలు ఆగిపోయాయి. ముఖం మైనంలా కరిగి, ముక్కు పొడుగై, చేతులు నల్లటి రెక్కలయ్యాయి. పెద్ద నీటికాకి ఒకటి పచ్చటి కళ్లు మండిస్తూ ఆమె ముఖం మీదికి ఎగిరింది. జయకేతుడి కత్తి గాలిలో తళుక్కుమంది. రెక్క నుంచి ఈకలు రాలి నీళ్లలో పడి బుసబుస పొంగాయి. కాకి వికృతంగా కూసి, మడచెట్ల మీదుగా వంకరగా ఎగిరిపోయింది.  దానయ్య ముఖం మళ్లీ చూసినందుకు సంతోషించాలో, అది అతనిది కానందుకు ఏడవాలో పైడమ్మకు తేలలేదు.

పొద్దు వాలింది. నీరు బంగారు రంగుకు తిరిగింది. చంద్రోదయానికి ఇంకెంతో లేదు. అప్పుడు వల ఒక్కసారి గట్టిగా ఊగింది.

పైడమ్మ వంగి చూసింది. పడవకు దగ్గరలోనే పండుగప్ప ఒక కన్నులో సగానికి దూరి ఇరుక్కుపోయింది. నార మొప్పల దగ్గర బిగిసిపోయింది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. జయకేతుడు నీళ్లలోకి దూకి కన్ను వెడల్పు చెయ్యబోయాడు. ఉదయం భుజం దాకా దూరిన కన్ను ఇప్పుడు మోచేతి పైన ఆగిపోతోంది. కన్నులన్నీ అంతే. వలంతా బిగిసి, కర్రల్లే గట్టిపడింది.

అప్పుడు తెలిసింది ఆమెకు. వలకాళ్లు కొత్త వలను ఊరికే నీళ్లలో వెయ్యరు. తుమ్మచెక్క కషాయంలో ఉడకబెట్టి, ఎండేసి, మళ్లీ తడిపి, లాగి కట్టి, అది కుదించుకోవలసినంతా గట్టు మీదే కుదించుకున్నాక కన్ను కొలిపిస్తారు. అది రంగు కోసమనుకుంది పైడమ్మ. చేప ఎండితే ఎంత తరుగుతుందో కళ్లతో చూసి చెప్పగల మనిషి, నార తడిస్తే తరుగుతుందని తలవలేదు. దానయ్యా తలవలేదు. ముద్ర పడిన వల గనక కొలత సరిగానే ఉంటుందని నమ్మి, తనపని తాను చేసుకుంటూ, కన్ను వెనక కన్ను దూరుతూ వచ్చి ఇక్కడ చిక్కాడు.

మొప్పలు ఆగి ఆగి కొట్టుకుంటున్నాయి. బంగారు కంటి మీద పొర కమ్ముతోంది.

"అప్పా, పోగు తెగితే ముద్ర పోతుంది" అన్నాడు జయకేతుడు. కత్తి అతని చేతిలోనే ఉంది గాని ఆ చెయ్యి కదలడం లేదు.

పైడమ్మ బతుకంతా ఏ వస్తువునైనా ఎత్తి, దించి, బరువు చూసి బేరం చేసిన మనిషి. ఆ ఒక్కసారి తూకం చూడలేదు. అతని చేతిలోంచి కత్తి లాక్కుని నీళ్లలోకి దిగి, చేప మెడకు చెయ్యి అడ్డం పెట్టి, తన వేలు తెగినా లెక్కచెయ్యకుండా, నారను కోసేసింది. చేపను రెండు చేతులా పొదివి పట్టుకుని, మొప్పల్లోకి నీరు పోయేటట్టు ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపింది. పసిబిడ్డను ఊపినట్టు ఊపింది. కొంతసేపటికి తోక కదిలింది.

బెండు మీది రాగిబిళ్ల చిటపటలాడి, పచ్చగా చిలుము పట్టి, రాలి మునిగిపోయింది.

దూరాన నగారా మోగింది. పడమటి వైపునుంచి మొసలిముఖం ఉన్న నల్లటి ఓడ తల్లినీటి హద్దును దాటుకుని వచ్చింది. మట్టిబొమ్మల్లాంటి మనుషులు, కళ్లు ఆర్పకుండా, ఒక్క తీరున తెడ్లు వేస్తున్నారు. కాలజంఘుడు ఒక రెక్క విరిగినట్టు ఎడమచేతిని గుండెకు ఆనించుకుని ఓడ ముందర నిలబడ్డాడు. ఓడకు రెండు వైపులా, ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా, కన్నులేని వల గోడలా జరిగి వస్తోంది. దాని ముందు నీరు నురగలు కక్కుతోంది.

సరిగ్గా అప్పుడు సముద్రం అంచున చంద్రుడు లేచాడు. తల్లినీటి మీద వెన్నెల దారి పరుచుకుంది. పోటు నిలిచి, తిరిగి, మొగ వైపు మెల్లగా సాగడం మొదలుపెట్టింది. యోగిని చెప్పిన వేళ అదే.

పైడమ్మ రొమ్ములోతు నీటిలో నిలబడి చేతులు చాచింది. పండుగప్ప ఆమె ఎదురుగా వచ్చి ఆగింది. ఒక్క గెంతు గెంతితే ఒడిలో ఉంటుంది. మధ్యన వలా లేదు, గాలమూ లేదు. చేప ముక్కు ఆమె అరచేతిని తాకింది. 

దాని వెనక నీళ్లు మసకబారాయి. వల తరుముతున్న పిల్లచేపలు లక్షలాదిగా వచ్చి పండుగప్ప చుట్టూ గుమిగూడాయి. వాటికి మొగ దారి తెలియదు. నల్లటి వల మడచెట్ల నీడను మింగుతూ దగ్గరపడుతోంది. చేప ఒకసారి వల వైపు చూసింది, ఒకసారి ఆమె వైపు చూసింది. రెక్కలు ఆడిస్తూ నీళ్లలోనే ఉండిపోయింది. ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.

ఆ చూపు పైడమ్మకు కొత్త కాదు. వాన కొడుతున్న రోజుల్లో, ఆమె ఇంటి దగ్గర ఉండమన్నప్పుడు, గడప దగ్గర నిలబడి అతను చూసేది అలాగే.

ఆమె చాచిన చేతులు దించింది.

"ఎల్లు మాయ్యా. నీ పని నువ్వు సూసుకో. నీ ఎనకాలే వత్తాను."

చేప ఆమె చుట్టూ ఒక్కసారి తిరిగి, ఆమె నడుమును ఒరుసుకుని, గిరుక్కున మొగ వైపు మళ్లింది. దాని వెనక పిల్లచేపలన్నీ ఒక్కటై కదిలాయి. తల్లినీరే లేచి నడిచినట్టు, వెన్నెల కిందినుంచి వెండిపాయ ఒకటి సముద్రం వైపు సాగింది.

జయకేతుడు ఆమెను పడవలోకి లాగాడు. ఈ వేళ దాటితే ఏడాది ఆగాలి కదా అప్పా అని అతను అన్నాడు.

"ఏడాది కాసుకుంటాను. ఆ పిల్లలు పోతే ఎన్నేళ్లు కాసినా రావు. తెడ్డు ఎయ్యి."

వెనక కన్నులేని వల తల్లినీటి మీద పడింది. ఈడ్చి చూస్తే నాచూ, ఇసుకా, తెగిన జనపనార ముక్కలూ మాత్రమే వచ్చాయి. కాలజంఘుడి కేక గట్టుకూ గట్టుకూ తగిలి ప్రతిధ్వనించింది. అతను కుబుసాల తలపాగాను విప్పి నీళ్లలోకి విసిరాడు. అది నీటి మీద పడగానే ఒళ్లు విరుచుకుని, తాటిచెట్టంత సర్పమై, ఓడను నడుముకు తగిలించుకుని మొగ వైపు దూసుకువచ్చింది.

ఎదర మొగ గర్జిస్తోంది. కయ్య నీరూ సముద్రమూ ఢీకొట్టే చోట తెల్లటి కెరటాలు గోడల్లా లేచి విరుగుతున్నాయి. ఆ చిన్న పడవ ఎప్పుడూ దాటని చోటు అది. పండుగప్ప కెరటం మీదికి ఎగిసి, చంద్రుడికి అడ్డంగా ఒక్కసారి మెరిసి, అవతల పడింది. దాని వెంటే వెండిపాయ కెరటం కిందినుంచి జారిపోయింది. రాకుమారుడు పళ్లు బిగించి, వెన్నముద్దల చేతులు బొబ్బలెక్కి చిట్లుతున్నా తెడ్డు వదలలేదు. పాము బుస వాళ్ల వీపులకు వేడిగా తగిలింది.

పైడమ్మ వెనక్కి చూడలేదు. పడవ ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తెగిన వేలినుంచి కారే రక్తాన్ని పమిటతో చుట్టి, ఏ గీత వెంట చేప పోయిందో ఆ గీతను చూపిస్తూ చెయ్యి చాచింది. కెరటం వాళ్లను ఎత్తింది. ఒక్క క్షణం పడవ కింద నీరు లేదు, వెన్నెల తప్ప మరేమీ లేదు. ఆ మీదట ఎవరి హద్దుకొయ్యా పాతని, ఎవరి ముద్రా చెల్లని నల్లటి నీటిలో అది దభాలున పడింది. అక్కడ, ఆమె చాచిన చేతి కిందికి, వెడల్పాటి వీపు ఒకటి వచ్చి ఆనింది.